సన్నమూతి ముంత

"పైసలిస్త గానీ, గ్లాసుల వద్దమ్మా. నా ముంతల పొయ్యి."

నాగులమ్మ చేతిలో జగ్గు ఆగింది.

ఎదురుగా ఎవరూ ఎరగని ముసలాయన. నెరిసిన గడ్డం, మాసిన కండువా. చేతిలో ఒక పాత మట్టి ముంత. పొట్ట గుండ్రంగా ఉంది, మూతి మాత్రం ముక్కు పట్టేంత సన్నం.

అచ్చంపేట పోయే తోవలో ఉన్న ఆ కల్లు కాంపౌండులో అందరూ వెడల్పు స్టీలు గ్లాసుల్లోనే తాగుతారు. కల్లు పోయడానికి కుదిరిన నాటి నుంచి నాగులమ్మ అక్కడ ముంత చూసింది లేదు.

అయినా పోసింది.

అతను అరచేత్తో మూతి మూసి ముంతను గుండ్రంగా తిప్పాడు. చెయ్యి తీసి, మూతిలో ముక్కు పెట్టి వాసన చూశాడు. తర్వాత కల్లంతా నేల మీద పారబోసి వెళ్లిపోయాడు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. కల్లు కాంపౌండుకు వచ్చి కల్లు తాగనివాణ్ణి ఏమనాలో మాత్రం ఎవరికీ తోచలేదు. పిచ్చోడని తేల్చేసి ఊరుకున్నారు.

అందరికంటే ఎక్కువ నవ్వేది నాగులమ్మ మగడు జంగయ్య. నవ్వేటప్పుడు కూడా అతని చేతులు వణికేవి. కల్లు పడితే గానీ ఆ వణుకు ఆగదు. ఉత్త కల్లు మానితే ఎవరికీ అంత వణుకు రాదు. ఇందులో మత్తుమందు కలుస్తుందని ఊరందరికీ తెలుసు. తెలిసే తాగుతారు.

నాగులమ్మ అతనికి రోజురోజుకూ కొంచెం తగ్గించి పోస్తోంది. దసరాకల్లా మాన్పించాలని ఆమె ఆశ. ఆమెకున్న ఆశ అదొక్కటే.

ఒకరోజు ఉండబట్టలేక ముంత మనిషిని అడిగింది, ఎందులో పోసినా అదే కల్లు కదా అని.

"అదే కల్లు గాదు. వెడల్పు గ్లాసుల వాసనంత గాలికి పోతది, నాలికెకు పులుపే తెలుస్తది. ముంతల పోస్తె వాసన మూతికాడ నిలుస్తది. ఏం కలిసిందో ముక్కు చెప్తది. నా ముక్కు ఎన్నడో సచ్చింది. అయినా ముంతల జర తెలుస్తది."

ముక్కు ఎందుకు చచ్చిందో ఆమె అడగలేదు. అప్పుడే అడిగి ఉండాల్సింది.

అంగడి రోజు వచ్చింది. కాంపౌండు నిండా జనం. అతను ఎప్పటిలాగే ముంతలో ముక్కు పెట్టి, చటుక్కున తీశాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఇయ్యాల మందు శాన పడ్డది. ఎవ్వలకు పొయ్యకు బిడ్డా."

కాంపౌండు నడిపే నాగేందర్ ఆ మాట విన్నాడు. గిరాకీ చెడగొడుతున్నాడని మెడ పట్టి గెంటించాడు. ఆ తోపులాటలో ముంత దొర్లి నల్లా పక్కన పడింది. అతను గేటు పట్టుకుని, ఒక్కసారి ముంతలో పోసి వాసన చూడండని అందర్నీ బతిమాలాడు. ఒక్కరూ లేవలేదు. పొయ్యనంటే రేపటి నుంచి పనికి రావద్దని నాగేందర్ నాగులమ్మకు తెగేసి చెప్పాడు.

జంగయ్య గ్లాసు చాపాడు. గ్లాసు వణుకుతోంది.

"పొయ్యి, పిచ్చోని మాటలు వట్టుకుంటవా?"

పోసింది. తన చేత్తోనే పోసింది.

పొద్దు గూకకముందే జంగయ్య కూర్చున్నచోటే ఒరిగిపోయాడు. నోట నురుగ. ఎవరో ఆటో కోసం పరుగెత్తారు. నాగులమ్మ అతని గ్లాసు తీసి వాసన చూసింది. పులుపు తప్ప ఏమీ లేదు. నల్లా పక్కన ముంత కనబడింది. గ్లాసులో మిగిలింది అందులో ఒంపి, అరచేత్తో మూసి, తిప్పి, ముక్కు పెట్టింది.

ఘాటు నెత్తికెక్కింది. దగ్గుతూ నేల మీద కూలబడింది.

ఒక్కసారి చూడమన్నాడు. ఒక్కసారే కదా అడిగాడు.

దవాఖాన చేరేసరికి జంగయ్య లేడు. ఆ రాత్రి ఊళ్లో ఇంకో రెండిళ్లల్లో కూడా ఏడుపులు లేచాయి.

కాంపౌండుకు తాళం పడింది. నాలుగు రోజులాగి మళ్లీ తెరుస్తారని అందరికీ తెలుసు.

జంగయ్యను మట్టి చేసి వచ్చాక నాగులమ్మ ముంత పట్టుకుని ఆ ముంత మనిషి కోసం ఊరంతా తిరిగింది. కాళ్ల మీద పడదామనుకుంది. అతని జాడ లేదు. చివరికి అరుణమ్మ అరుగు మీద కూలబడింది. నాగులమ్మ కంటే ముందు కాంపౌండులో కల్లు పోసింది ఆ ముసలమ్మే.

"ముక్కు సచ్చింది, ముంతల అయితెనే తెలుస్తదన్నడు అవ్వా. దేవుని లెక్క వచ్చిండు. నేనే గుర్తువట్టలే."

అరుణమ్మ ముంతను చేతిలోకి తీసుకుని మూతి నిమిరి చూసింది.

"దేవుడు గాదు బిడ్డా, రామచంద్రయ్య. శాన ఏండ్ల కింద గీ కాంపౌండుల మొట్టమొదలు మందు కలిపింది గాయిననే. లోపలి అర్రల కలిపి కలిపి ముక్కు పోగొట్టుకున్నడు. ముంతల వాసనొస్తాందని జనం మొత్తుకుంటె, నాతోని ముంతలన్ని పలగ్గొట్టిచ్చి, గీ వెడల్పు గ్లాసులు తెచ్చిపెట్టిండు."