ఇక పడిపోదని రాసివ్వు

“చూడక్కా, స్పీడు నూటికి నూరు వస్తుంది. ఇంకేం కావాలె?” ఫోన్ నవత ముందు పెట్టి, నెట్టు బాగుచేసే జంపయ్య నుదురు తుడుచుకున్నాడు.

నవత ఒకసారి చూసి ఫోన్ వెనక్కి జరిపింది. ఆ నూరు ఆమెకు కొత్తేం కాదు. ఇల్లెందు నుంచి అడవి దారిన జంపయ్య రావడం ఇది ఐదోసారి. అతను వచ్చిన ప్రతిసారీ నెట్టు గుర్రంలా ఉరుకుతుంది. అతని బండి మలుపు తిరిగిన అరగంటకు మళ్లీ నత్తనడకే.

“నువ్వున్నంతసేపు గిట్లనే వస్తది తమ్మీ. నువ్వు పోంగనే పడిపోతది. చెప్పి చెప్పి నాకే యాష్టకొస్తుంది.”

అతనూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు పాపం. స్తంభం దగ్గర కోతులు కొరికిన తీగ మార్చాడు. రూటర్ మార్చాడు. పాస్‌వర్డు మార్చి, పక్కింటివాళ్లెవరూ వాడుకోవడం లేదని తేల్చాడు. ఇవాళ ఇక అడగడానికేమీ మిగలక, “మధ్యల సిగ్నల్ ఆపేటట్టు ఇనుప బీరువా గిట్ల అడ్డం లేదు గద?” అన్నాడు.

“ఏం లేదు. మా మామ గదిల టేబుల్ మీదనే ఉన్నది. ఇప్పుడే చూసొస్తివి గద.”

మామ గదిలోకి కోడలు అడుగుపెట్టే ఆనవాయితీ ఆ ఇంట్లో లేదు. ఏదన్నా కావాలంటే గుమ్మం ఇవతల నిలబడి అడగడమే. సారయ్య బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరైన మనిషి. ఇంట్లో కరెంటు సామాను ఏదైనా ఆయన చేతిమీదే నడవాలి. జంపయ్య వస్తున్నాడంటే చాలు, బాయికి ఇన్‌స్పెక్టర్ వస్తున్నంత హడావిడి. రూటర్‌ను శుభ్రంగా తుడిచి, టేబుల్ మీద తువ్వాలు పరిచి, దానిమీద పెట్టి ఉంచుతాడు. ఇంత మర్యాద ఏ ఇంట్లో చూడలేదని జంపయ్యే అంటుంటాడు.

మొదట్లో ఏ బాధా లేదు. నవత కొడుకు చిన్నోడు పాకడం మొదలుపెట్టిన నెల నుంచి ఈ శని పట్టుకుంది. నవత చేసేది హైదరాబాదు కంపెనీకి ఆసుపత్రి కాగితాలు కంప్యూటర్లో ఎక్కించే పని. ఇంట్లో కూర్చుని చేస్తుందన్న మాటే గానీ, పదిమందిలో ఆమెకు ఇంత పేరు తెచ్చింది ఆ ఉద్యోగమే. అదంటే ఆమెకు ప్రాణం.

ఆఫీసులో శోభారాణి మేడమ్ నిన్న తెగేసి చెప్పింది. నెట్టు ఇక పడిపోదని నెట్టు కంపెనీ మనిషితో రాయించి, సాయంత్రం నాలుగింటిలోగా పంపాలి. లేదంటే హైదరాబాదు వచ్చి ఆఫీసులో కూర్చోవాలి. రెండూ కుదరకపోతే మానేయాలి. భర్త కుమారస్వామికి బాయిలో షిఫ్టులు. పాలు మానని పిల్లాణ్ణి వేసుకుని, ఆమె ఒక్కతీ హైదరాబాదులో ఎక్కడ ఉంటుంది?

“ఒక్క ముక్క రాసియ్యి తమ్మీ. నీకు దండం పెడత.”

జంపయ్య తల దించుకున్నాడు. “ఎట్ల రాసియ్యాలె అక్కా? ఎందుకు పడిపోతుందో నాకే సమజైతలేదు. రాసిచ్చినంక మళ్ల పడిపోతే నా నౌకరి పోతది. నాకూ పిల్లలున్నరు.”

కోపం తెచ్చుకునే ఓపిక కూడా నవతకు లేదు. టీ ఇచ్చింది. అతను తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మొహం చూపించలేనట్టు వెళ్లిపోయాడు.

నాలుగుకు ఐదు నిమిషాలు తక్కువ. నవత ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ఉద్యోగం మానేస్తున్నానని మూడు వరుసలు రాసింది. ఒకసారి చదువుకుంది. కొంగుతో కళ్లొత్తుకుని, ఏమైతే అదైందని పంపేసింది. నెల రోజులుగా ఒక్క కాగితాన్నీ తిన్నగా పోనివ్వని నెట్టు, దీన్ని మాత్రం రెప్పపాటులో చేర్చేసింది.

గుమ్మం అవతల సారయ్య దగ్గాడు. చంకలో మనవడు కాళ్లు తన్నుకుంటున్నాడు. కోడలి పని అయ్యేదాకా ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో.

“అయిపోయిందా బిడ్డా? చిన్నోడు తీగెలు గుంజుతుండు,” అన్నాడు మెల్లగా.

మనవణ్ణి ఇంకో చంకకు మార్చుకున్నాడు. “ఇగ రూటర్‌ను ఎప్పటి లెక్కనే మళ్ల ఇనుప పెట్టెల పెట్టి బోల్టులు బిగియ్యాల్నా?”