తలుపవతలి ఇంగ్లిషు

“మల్లొక్కసారి చెప్పు బాపూ. మధ్యల ఆగొద్దు.”

మూసిన తలుపు అవతల నుంచి కూతురు ప్రసన్న గొంతు. రాజనర్సు దుప్పటి తోసేసి మంచం మీద లేచి కూర్చున్నాడు. కరోనా అని తేలి అయిదు రోజులైంది. మగ్గాల పనికి వలసొచ్చిన అమ్రోలిలోని ఆ రెండు గదుల ఇంట్లో ఒక గది ఆయనకే వదిలేశారు. ఆసుపత్రుల్లో మంచాలు లేవు. పక్క గల్లీ బుచ్చిరాములు మొన్ననే పోయాడు. తన వంతు ఎప్పుడోనని రాజనర్సుకు లోలోపల ఒకటే గుబులు.

“మ్యాగ్నానిమిటీ అంటే పెద్ద మనసు, పర్సివియరెన్స్ అంటే పట్టు విడవకపోవుడు,” అన్నాడు గబగబా.

“శాబాష్ బాపూ!”

ఇరవై ఏళ్లు మరమగ్గాల మోతలో బతికిన మనిషికి ఈ వయసులో ఇంగ్లిషేమిటని మొదట విసుక్కున్నాడు. ప్రసన్న వింటేగా!

“పెద్ద పరీక్ష బాపూ. నేను సదివితే యాదికుంటలెవ్వు. నువ్వు చెప్తుంటే వింటే యాదుంటయి.”

కూతురు అంతగా అడిగితే కాదనగలడా? మూడు పూటలా తలుపు కింద నుంచి చీటీ వచ్చేది. మాటలు ఇంగ్లిషువి, రాత తెలుగు. నోరు తిరగని ఆ మాటలు పుట్టించిన తెల్లవాళ్లను తిట్టుకుంటూనే అప్పజెప్పేవాడు.

ఏడోనాడు జ్వరం పెరిగింది. ‘ఇన్‌కాంప్రహెన్సిబిలిటీ’ దగ్గర మూడుసార్లు ఆగిపోయాడు. అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది.

“ఏంది బిడ్డా, ఏడుస్తున్నవా?”

“లేదు బాపూ. జర బోర్ల పండుకొని చెప్పు, గొంతు మంచిగొస్తది. ఇగ గంటకొకసారి చెప్పాలె.”

పరీక్షంటే పిల్లకు ఎంత భయమో అనుకున్నాడు రాజనర్సు. తనకేమన్నా అయితే దీని చదువు ఆగిపోదూ? బోర్లా పడుకుని, దగ్గు దిగమింగుకుంటూ, గంటగంటకూ చెప్పాడు. మర్నాడు రెండుసార్లే ఆగాడు. పదోనాటికి ఎక్కడా ఆగలేదు.

పదిహేనోరోజు తలుపు తీశారు. రాజనర్సు తలస్నానం చేసి, వేడన్నం తిని, దర్జాగా కూర్చున్నాడు.

“ఇయ్యాల్టి చీటీ ఏది బిడ్డా? పరీక్ష దగ్గరికొచ్చె గద!”

“పరీక్ష ఎప్పుడో రద్దయింది బాపూ. నీకు జరం రాకముందే.”

“మరి నాతోని గన్ని మాటలెందుకు చెప్పించినవే?”

ప్రసన్న ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఆక్సిజన్ చూసే మిషన్ యాడ దొరకలే బాపూ, నీ ఊపిరి వింటుంటి.”