ఆదివారం పెద్దమనిషి

కారు మీద చెయ్యి వేసేముందు చేతులు కడుక్కునే మెకానిక్‌ని ఆమె జన్మలో చూడలేదు.

ఎవరైనా పని అయ్యాక కడుక్కుంటారు. ఈ మనిషి మాత్రం ఆదివారం పొద్దున్నే ఇనప పెట్టె పట్టుకుని వచ్చి, కుళాయి దగ్గర మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని, అప్పుడు షెడ్డులోకి వెళ్ళేవాడు.

"అదేమన్నా పసిబిడ్డా, చేతులు కడుక్కుని ఎత్తుకోవడానికి?" అని ఆమె భర్తని దెప్పింది.

"ఇటలీ కారు కదే. ఆమాత్రం మర్యాద చెయ్యాలి," అని ఆయన నవ్వాడు.

ఆ కారంటే ఆయనకి ప్రాణం. లేత్ మిషన్ మీద పనిచేసే రోజుల్లో, ఎవరో తుక్కు కింద తోసేస్తుంటే అడిగి తెచ్చుకున్నాడు. ఎర్ర రంగు, రెండే సీట్లు. కూర్చుంటే నేలమీద చతికిలబడ్డట్టే. ఇరవై ఏళ్ళుగా ఒకపక్క బాగుచేస్తుంటే ఇంకోపక్క తుప్పు పట్టేది. అడుగు రేకు కోసి కొత్తది అతికిస్తే, తలుపు అంచు పొడైపోయేది. దొరకని సామాను తనే లేత్ మీద చేసుకునేవాడు.

ఆమె దాన్ని "నా సవతి" అనేది.

సవతితో ఎలాగో సర్దుకుపోయింది గానీ, ఈ మనిషితో పడలేదు. ఏడాదిన్నర కిందట ఎక్కణ్ణుంచో ఊడిపడ్డాడు. ఎవరని అడిగితే, కార్బ్యురేటర్లు సరిచెయ్యడంలో మొనగాడని భర్త చెప్పాడు. ఆమె అతనికి "ఆదివారం పెద్దమనిషి" అని పేరు పెట్టింది.

మొనగాడు వచ్చి ఏడాదిన్నరైనా, కారులోంచి పైకి తీసిన ఇంజను గొలుసుకి వేలాడుతూనే ఉంది. ఒక్క అంగుళం కిందకి దిగలేదు.

కారులో కొత్తగా చేరింది సీటొక్కటే. అన్నీ అయ్యాక ఆఖర్న బిగించాల్సిన సీటు ముందే బిగించేశారు. దాన్ని వెనక్కి వాల్చుకుని ఆయన పడుకునేవాడు. షెడ్డు తలుపు వేసేసుకునేవారు. గంట తర్వాత తీస్తే పెట్రోలు వాసన, రంగు వాసన గుప్పుమనేవి.

పడుకుని బాగుచేస్తున్నారా కారుని అని ఆమె అడిగితే, సీటు కుదిరిందో లేదో చూస్తున్నానన్నాడు.

ఇంతలో ఆయన చిక్కిపోసాగాడు. చొక్కాలు వదులయ్యాయి. బెల్టుకి కొత్త బెజ్జాలు పడ్డాయి. డాక్టరుకి చూపించుకుందామంటే వయసన్నాడు, ఎండలన్నాడు. ఆమెకి ఒక్కటే తోచింది. ఈ కారూ ఈ మనిషీ కలిసి ఆయన్ని పీల్చేస్తున్నారు. ఈ పని మాన్పిస్తే తప్ప తనకి భర్త దక్కడు.

ఆదివారం చాలదన్నట్టు అతను బుధవారాలు కూడా రావడం మొదలెట్టేసరికి ఆమె ఓపిక చచ్చింది. షెడ్డుకి తాళం వేసి, అతన్ని గేటు దగ్గరే ఆపేసింది.

"పది నిమిషాలమ్మా. ఆయన్ని చూసి వెళ్ళిపోతాను."

"నువ్వొచ్చి చూడ్డానికి ఆయనేమన్నా ఇంజనా? ఇక రాకు బాబూ."

అతను ఏదో చెప్పబోయాడు. ఇంటి వైపు చూసి నోరు మూసుకున్నాడు.

భర్త ఒక్కసారే అడిగాడు.

"ఈ వారానికి తాళం ఇవ్వవూ?"

"రెండు కిలోలు ఒళ్ళు చెయ్యండి, ఇస్తాను."

ఆయన నవ్వాడు. మళ్ళీ అడగలేదు.

ఆ తర్వాత కూడా పెద్దమనిషి రెండుసార్లు వచ్చి గేటవతల నిలబడ్డాడు. ఆమె కిటికీ తెర లాగేసింది. భర్త గోడవైపు తిరిగి దిండు అంచు కొరుక్కుంటుంటే, కారు మీద బెంగ అనుకుంది. నాలుగు రోజులుంటే అదే పోతుందని మెత్తగా వండి, పక్కన కూర్చుని తినిపించింది. ఆయన తిన్నట్టే తిని, ఆమె లేచాక కక్కుకునేవాడు.

పదోరోజు మధ్యాహ్నం స్నానాలగదిలో కూలబడ్డాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఒక లావుపాటి ఫైలు తెచ్చింది. ఇక్కడ ఆయనకి ఫైలుందని ఆమెకి అప్పుడే తెలిసింది. జబ్బు ఎముకల్లోకి పాకి ఏడాదిన్నరైందట. నయం కాదని ఆయనకి మొదట్నుంచీ తెలుసట. నొప్పి తెలియకుండా చూడటం ఒక్కటే మిగిలిందట.

"నాకెందుకు చెప్పలేదు?"

"మీ అమ్మగారు ఇదే జబ్బుతో పోయారటగా. ఆరేళ్ళు మీరే సేవ చేశారట. మళ్ళీ ఆ మందుల వాసన మీ ముక్కుకి సోకకూడదన్నారు."

ఆమె మంచం వైపు చూసింది. ఆయన కళ్ళు తెరవడం లేదు. పిలిస్తే పలకడం లేదు.

ఇంటికొచ్చి ఇచ్చే ఇంజక్షన్లు పదిరోజులుగా ఆగిపోయాయి సరే, కనీసం మాత్రలైనా వేసుకోలేదా అని డాక్టరమ్మ అడిగింది. కారులోనే దాచుకునేవారట కదా అంది.

షెడ్డు తాళంచెవి ఆమె సంచిలోనే ఉంది.

"మీకు చెప్పేస్తానని మా నర్సు మీవారిని ఫోన్లో బతిమాలాడు. ఆయన చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు," అంది డాక్టరమ్మ. "ఆఖరిసారి కాస్త నొప్పి తగ్గేలా చూద్దాం. అతన్నే రమ్మన్నాను. ఈయన చేతిలో నరం అతనికి తప్ప ఎవరికీ దొరకదు."

"మా ఇంటికి ఏ నర్సూ రాలేదమ్మా," అంది ఆమె.

తెర జరిపి, తెల్ల యూనిఫాంలో లోపలికొచ్చిన ఆదివారం పెద్దమనిషి, ఆమెని పల్లెత్తు మాట అనకుండా, ఆయన చెయ్యి తన చేతిలోకి తీసుకుని నరం కోసం వెతకసాగాడు.