మోకాలి చప్పుడు

బొగ్గు బాయిలో టక్కుమని చప్పుడైంది. తట్టలోకి బొగ్గు ఎత్తుతున్న ఓదెలు నవ్వాడు.

"బావా, పొద్దటిసంది నీ మోకాలు మొత్తుకుంటనే ఉంది. నెల సెలవు పెట్టి ఏం చేసినవ్?"

సెలవంతా రాయమల్లు దవాఖానలో చెప్పినట్టే మంచం అంచున కూర్చుని, కాలికి ఇటుక కట్టుకుని ఎత్తి దించాడు.

ఇప్పుడు అతను మెల్లగా గొంతుక్కూర్చుని లేచాడు. చెవి రిక్కించి విన్నాడు. మళ్లీ కూర్చుని లేచాడు.

"బాయిల గుంజీలేంది బావా?"

రాయమల్లు కదలకుండా నిలబడ్డాడు. అయినా టక్కుమంది.

అతను తలకున్న లైటును దుంగల మీద నిలిచిన పైకప్పు వైపు తిప్పాడు.

"తట్ట ఇడిసిపెట్టి ఉరుకు, ఓదెలూ. నా మోకాలు నయమైంది."