వల్‌సేరావాళ్ల మర్యాద

యాత్రల పుస్తకం రాసే ఆవిడ గురువారం వస్తోందని రెనాతో అనే బస్సు డ్రైవరు చెప్పిన దగ్గర్నుంచి డెల్ఫీనాకి కాలు నిలవలేదు.

యూరప్‌లో చూసి తీరవలసిన ముచ్చటైన ఊళ్లంటూ ఆవిడ ఏటా ఒక పుస్తకం వేస్తుందట. హాలండు మనిషి. ఈసారి ఇటలీ కొండల్లో పన్నెండు ఊళ్లు ఎంచుకుంది. వాటిలో వల్‌సేరా ఒకటి. పుస్తకంలోకి ఎక్కితే జనం వస్తారు. జనం వస్తే, వారానికి రెండుసార్లు కొండెక్కే బస్సు నిలుస్తుంది. లేకపోతే వచ్చే వేసవి నుంచి ఆపేస్తామని కింద మునిసిపాలిటీవాళ్లు ముందే చెప్పేశారు.

"ఊరు కళకళలాడుతూ కనబడాలట పెద్దమ్మా," అన్నాడు డ్రైవరు. "అయినా అంతా నువ్వే చెయ్యాలా?"

"మరెవరు చేస్తారు? ఈ ఊరివాళ్ల సంగతి నీకు తెలీదా?"

ఆమెకు డెబ్బై ఆరేళ్లు. బుధవారం పొద్దున్నే చీపురు పట్టుకుని చర్చి మెట్ల నుంచి నీటితొట్టి దాకా వీధంతా ఊడ్చింది. మోకాళ్లు పట్టేస్తే కాసేపు మెట్ల మీద కూలబడి, మళ్లీ లేచింది.

ఎర్సీలియా ఇంటి కిటికీల్లో ఆరు పూలకుండీలు. ఎర్సీలియాకి పూలంటే ప్రాణం. నీళ్లు పోసే పని మాత్రం డెల్ఫీనాది. వాళ్లిద్దరికీ కోళ్ల దగ్గర మొదలైన తగువు తీరనే లేదు. అయినా కుండీలన్నిటికీ నీళ్లు పోసి, ఎండుటాకులు గిల్లి పారేసింది.

"నీ మీద ప్రేమతో కాదు, ఊరి పరువు కోసం," అంది కిటికీ వైపు చూసి మరీ.

తలుపులకు తాళం వేసే అలవాటు ఆ ఊళ్లో లేదు. గస్పారే ఇంట్లోకి చొరవగా వెళ్లి, పెట్టెలోంచి దుప్పట్లు తీసి దులిపి, బయట తాడు మీద ఆరేసింది. దర్జీ ఫెదెలే ఇంటి తలుపుకి ఊడిపోయిన గడియ బిగించింది. గురువారం మూడిళ్లలో పొయ్యిలు రాజేసింది. బస్సు కింది మలుపు తిరగడం చూసి చర్చి గంట కొట్టి, ఆయాసం దాచుకుంటూ వీధి మొదట్లోకి వచ్చి నిలబడింది.

వచ్చినావిడ పేరు మారీకె. నలభై దాటిన మనిషి, నవ్వుముఖం, వచ్చీరాని ఇటాలియన్. పొగ చూసింది, దుప్పట్లు చూసింది, పూలు చూసింది. కెమెరా కిందికి దించితే ఒట్టు. డెల్ఫీనా తన గుమ్మం ముందు బల్ల వేసి, చెస్ట్‌నట్ గింజల పిండితో చేసిన రొట్టె, గొర్రెపాల జున్ను పెట్టింది. మారీకె రెండుసార్లు అడిగి పెట్టించుకుంది.

తిన్నాక ఒక్కతే ఊరు చుట్టి వస్తానని వెళ్లింది. అరగంటకి తిరిగి వచ్చేసరికి ఆ నవ్వు లేదు.

"అందరి తలుపులూ తట్టాను. లోపల పొయ్యి మండుతోంది. ఒక్కరూ పలకలేదు," అంది.

డెల్ఫీనాకి ఒక మాట నోటిదాకా వచ్చింది. మింగేసింది.

"గస్పారేకి చెవుడు. మిగతావాళ్లకి కొత్తవాళ్లంటే మొహమాటం."

"మీరొక్కరే మంచివారు," అంది మారీకె.

ఆ మాట డెల్ఫీనాకి ఏమాత్రం రుచించలేదు. బస్సు ఎక్కించేటప్పుడు జున్నుముక్క ఒకటి కాగితంలో చుట్టి ఇచ్చి, ఇది ఎర్సీలియా పంపిందని చెప్పింది.

పుస్తకం వసంతంలో వచ్చింది. దాన్ని రెనాతోయే కొని తెచ్చాడు. ఆ రోజుతో బస్సు ఆఖరు. ఇంజను ఆపి, మెట్ల మీద ఆమె పక్కన కూర్చుని చదివాడు.

"వల్‌సేరా బొమ్మ గీసినట్టుంది. పొగగొట్టాల్లోంచి పొగ వస్తోంది, తాళ్ల మీద దుప్పట్లు ఊగుతున్నాయి. తలుపు మాత్రం ఎవరూ తీయరు. ఒక్క ముసలావిడ తప్ప, ఊరు ఊరంతా లోపల దాక్కుని నేనెప్పుడు పోతానా అని చూసింది. ఇంత అందమైన చోట ఇంత రాతిగుండెల మనుషుల్ని నేను ఎక్కడా చూడలేదు. ఇక్కడికి వెళ్లకండి."

డెల్ఫీనా ఆ ముక్క మళ్లీ చదివించుకుంది. అతను పుస్తకం మూసి ఆమె చేతికిచ్చాడు.

"నాతో వచ్చెయ్ పెద్దమ్మా. మా పైవాటా ఖాళీగానే ఉంది," అన్నాడు.

"వాళ్లు ఇంత మాట పడ్డాక వదిలేసి ఎలా వస్తానురా?"

అతను ఇంకా బతిమాలాడు. ఆమె తల అడ్డంగా ఊపుతూనే ఉంది. బస్సు మలుపులన్నీ దిగి, చప్పుడు పూర్తిగా అణగిపోయేదాకా అక్కడే నిలబడింది. ఆ తరవాత పుస్తకం పట్టుకుని వీధి మధ్యకి నడిచింది.

"విన్నారా? మనం రాతిగుండెల వాళ్లమట," అంది, అన్ని ఇళ్లకూ వినబడేలా. "ఎర్సీలియా, నిన్ను కూడా కలిపే రాసింది. మంచులో చిక్కుకుపోయిన పదకొండుమందిని వారంరోజులు ఇంట్లో పెట్టుకుని, ఉన్న ఒక్క మేకపిల్లనీ కోసి పెట్టావు. నిన్ను."

ఒక్క కిటికీ తెరుచుకోలేదు.

నాలుగేళ్ల కిందట గస్పారే శవపేటికను శ్మశానానికి సాగనంపి వచ్చిన రోజు నుంచి, వల్‌సేరా మొత్తానికి ఉంటున్నది డెల్ఫీనా ఒక్కతే.