ఫిర్యాదు నమోదైంది

"మీ కాల్ మాకెంతో విలువైనది."

"అవునవును, అందుకే నాలుగు రోజులుగా దాచుకుంటున్నారు!"

ఆవిడ ఫోన్ మంచం మీదికి విసిరింది.

కొత్త ఇంట్లో దిగి నాలుగు రోజులు. ఇంటర్నెట్ పెట్టె కోసం టీవీ పక్కన అర ఖాళీ చేసింది. ప్లగ్ పాయింట్ సరిచూసుకుంది. వైరు దూరేందుకు కిటికీ జాలీ మూల కత్తిరించింది కూడా. ఇక రావాల్సింది మనిషే.

ఇవాళ మూడింటికి వీడియోలో ఇంటర్వ్యూ. పదమూడేళ్ళుగా బీరువాలో పడున్న డిగ్రీకి వచ్చిన మొదటి పిలుపు. ఫోన్లో నెట్ సిగ్నలా, బాల్కనీ చివర మునివేళ్ళ మీద నిలబడితే ఒక్క గీత.

"వాయిదా వెయ్యమని అడక్కూడదూ?" అన్నాడు భర్త, బూట్లు తొడుక్కుంటూ.

"పదమూడేళ్ళుగా చేస్తున్నదదేగా!"

భర్త ఆఫీసుకి వెళ్ళిపోయాడు.

పన్నెండింటికి తలుపు చప్పుడైంది. గుమ్మంలో ఎవరో నడివయసు మనిషి. చేతిలో పెట్టె, చొక్కా నిండా దుమ్ము.

"నమస్తే అండీ, నేను..."

"తెలుసు. నాలుగు రోజులుగా మీ జపమే చేస్తున్నా. చెప్పులు బయట."

"అది కాదండీ, నేను..."

"బండి చెడిపోయిందా? వంట్లో బాగాలేదా? ఏదైనా కొత్తది చెప్పండి."

అతను చెప్పులు విప్పాడు.

కత్తిరించిన జాలీ మూలలోంచి చెయ్యి పెట్టి వైరు లోపలికి లాగాడు. అరలో పెట్టె పెట్టాడు.

"కొత్త కనెక్షన్‌కి గీతలు పడ్డ పెట్టా? ఎవరింట్లో పీకారు?"

"బాగా పనిచేస్తుందండీ. కాసిని మంచినీళ్ళిస్తారా?"

"ముందు నెట్ ఇవ్వండి."

ఒకటిన్నరకి పచ్చలైటు వెలిగింది. పాస్‌వర్డ్ కాగితమ్మీద రాసిచ్చి, అతను చకచకా మెట్లవైపు నడిచాడు.

ఇంటర్వ్యూ ఎక్కడా ఆగకుండా సాగింది. "సోమవారం వచ్చి చేరండి" అన్నారు.

ఆ సంతోషంలోనూ ఆవిడ కోపం మర్చిపోలేదు. కంపెనీకి ఫోన్ చేసి, వచ్చిన మనిషికి టైమంటే లెక్కలేదని, పాత పెట్టె అంటగట్టాడని ఏకరువు పెట్టింది.

"మీ ఫిర్యాదు నమోదైంది."

మర్నాడు పొద్దున్నే కంపెనీ టోపీ పెట్టుకున్న మనిషొకడు తలుపు కొట్టాడు. మొహం గంటు పెట్టుకునున్నాడు.

"ఏంటమ్మా ఇది? నేనింకా రానేలేదు. రాకముందే నా మీద కంప్లైంటా?"

"మరి నిన్న వచ్చిందెవరు?"

అతను కిటికీ జాలీలోంచి వైరు వెంట పైకి చూశాడు.

"ఈ లైను మాది కాదమ్మా. పై వాటాలోంచి దిగింది."

ఆవిడ రెండేసి మెట్లెక్కి పైకి పరిగెత్తింది. తలుపులు బార్లా తెరిచున్నాయి. గదులన్నీ ఖాళీ. ఇంటి ఓనరు గోడకున్న మేకులు పీకుతున్నాడు.

"ఇక్కడుండే ఆయన...?"

"నిన్ననే ఖాళీ చేశాడుగా. మీరు ఫోన్లో వేసే కేకలన్నీ వినబడ్డాయట" అన్నాడు ఓనరు. "కిందావిడకి మూడింటికి ఇంటర్వ్యూ ఉంది, నా లైను ఆవిడకిచ్చి వస్తానని, సామాన్ల లారీని గంటన్నర ఆపించి మరీ మీ ఇంటికొచ్చాడు."