నాలుగో అమ్మాయి

మూడో అమ్మాయి కూడా ఫుమీకి నచ్చలేదు.

"ఆ మూతి చూడండి, ఎంత బిగుసుకుని ఉందో! ఈవిడ మావాణ్ణి నవ్వనిస్తుందా?" అంది భర్తతో.

ఇసావొ గడియారం చూసుకున్నాడు. "నువ్విలా వంకలు పెడుతూ కూర్చో. అక్కడ గుడిలో పూజారిగారు మనకోసం ఎదురుచూస్తూ ఉంటారు."

బయట అవొమోరి వీధుల్లో మంచు ఆగకుండా కురుస్తోంది. రైల్వే స్టేషన్ ఎదురు సందులో, మేడమీద కుదో గారి గది. తండ్రి కాలం నుంచీ ఆ కుటుంబం ఎన్ని ఇళ్ళకు కోడళ్ళను చూపించిందో! ఆయన తొందరపెట్టే మనిషి కాదు. ఇద్దరికీ టీ పోసి, "ఇంకో అమ్మాయి ఉందమ్మా" అంటూ లోపలికి వెళ్ళారు.

పెళ్ళి చేసి చూడమని ఊరికే అన్నారా! ఒక్కగానొక్క కొడుకు తకెహారు. ఈ నెలతో ముప్పై నిండాయి. తోటివాళ్ళ పిల్లలు బడికి పోతున్నారు. వీడేమో చేపల పడవ ఎక్కినవాడు, పెళ్ళిచూపులకి దిగిరాడు. చూడటం, ఎంచటం అన్నీ అమ్మానాన్నల నెత్తినే పడ్డాయి.

"ఎన్నాళ్ళని ఒంటరిగా ఉంటాడండీ? వాడసలే చలికి ఓర్వలేడు. తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు" అంది ఫుమీ.

కుదో గారు నాలుగో అమ్మాయిని తీసుకొచ్చారు. గుండ్రటి మొహం, వాల్చిన కళ్ళు, పెదవి చివర దాచుకున్న నవ్వు. ఫుమీ టీ తాగటం మరిచిపోయింది.

"అచ్చం మన చినాత్సులా లేదూ!"

చినాత్సు, తకెహారు మనసు పడ్డ పిల్ల. ఇసావొ మొహం నల్లబడింది.

"ఆ పేరు ఈ పెళ్ళిలో కలపకు. ఆ పిల్లకి మంచిది కాదు. ఎక్కడో పిల్లాపాపలతో చల్లగా ఉంది, ఉండనీ."

ఫుమీ నాలుక కరుచుకుంది. భార్య మొహం చూసి ఇసావొ మెత్తబడ్డాడు.

"ఈ అమ్మాయి నెమ్మదస్తురాలిలానే ఉందిలే. ఇంట్లో మాట్లాడటానికి నువ్వున్నావుగా!"

ఫుమీ నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "ఈ అమ్మాయేనండీ కుదో గారూ. ఈ అమ్మాయే మా కోడలు."

టాక్సీలో కోడల్ని తన పక్కనే కూర్చోబెట్టుకుని బెల్టు పెట్టింది. పెళ్ళికని పొద్దున్నే వండిన ఎర్రగింజల అన్నం డబ్బా ఒళ్ళో పెట్టుకుంది.

"శుభకార్యమా అమ్మా?" అన్నాడు డ్రైవరు.

"అవును నాయనా. మా అబ్బాయి పెళ్ళి."

డ్రైవరు అద్దంలోంచి వెనక్కి చూశాడు. రేడియో కట్టేశాడు.

దారి పొడవునా ఫుమీ చెబుతూనే ఉంది. "వాడికి ఉప్పుచేప ఒక్కటుంటే చాలమ్మా. అలిగితే పలకడు, నువ్వే ముందు పలకరించాలి. మేమొచ్చేదాకా వాడు నీ పూచీ."

ఇసావొ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

కొండమీది గుడిలో పూజారి మంత్రాలు చదవటం అయింది. ఇసావొ రెండు చిన్న గిన్నెల్లో బియ్యపు సారా సాకే పోశాడు. కొంత చాపమీద ఒలికింది.

"ఇక ఇద్దర్నీ ఒకచోట చేర్చండమ్మా" అన్నాడు పూజారి.

ఫుమీ గాజుపెట్టె తలుపు తీసి, మూరెడు కూడా లేని ఆ పెళ్ళికూతురి బొమ్మ పక్కన, పంతొమ్మిదేళ్ళకే సముద్రం మింగేసిన కొడుకు ఫోటో నిలబెట్టింది.